గ్యారేజీ నేలమీద తారు మరక: రుద్దకండి, పైకి లాగండి

గ్యారేజీలో కాంక్రీటు నేలమీద తారు పడిందంటే ఎవరైనా ముందు పట్టుకునేది బ్రష్షూ నీళ్ల పైపూ. మొదటి రోజు ఆ రెండింటితోనూ పని లేదు. తారు నీళ్లలో కరగదు, సబ్బు నురగకు లొంగదు. బలమంతా పెట్టి రుద్దితే పైనున్న నలుపు పక్కనున్న సన్నటి రంధ్రాల్లోకి దిగుతుంది. చిన్న మచ్చగా ఉన్నది పెద్ద మసక మచ్చగా మారుతుంది.

కాంక్రీటు నేలలు బాగుచెయ్యడం నా వృత్తి. పగుళ్లు పూడుస్తాను, ఊడిపోతున్న పెయింటు తీస్తాను, మరకలు వదిలిస్తాను. ఇంజిన్ ఆయిల్, తుప్పు, పెయింటు, తారు, ఈ నాలుగింటిలో ఎక్కువ ఓపిక కావాల్సింది తారుకే. అయినా సరే, తారు పడిన నేలను పాడైపోయిన నేల కింద లెక్కకట్టి టైల్స్ వేయించడానికి సిద్ధపడేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. చాలావరకు ఆ అవసరం రాదు. తారు మరకలో రెండు భాగాలుంటాయి. ఒకటి పైన అంటుకున్న ముద్ద, రెండోది లోపలికి ఇంకిన నలుపు. ముద్ద గీకితే వస్తుంది. ఇంకినదాన్ని కరిగించి పైకి లాగాలి. చాలామంది కరిగించడం దాకా వచ్చి, లాగకుండా ఆగిపోతారు. మరక తిరిగి కనిపించేది అందుకే.

ముందు అది తారేనా?

గ్యారేజీలో నల్లగా కనిపించేదంతా తారు కాదు. కారు ఎప్పుడూ ఆగే చోట నాలుగు చక్రాల కింద నాలుగు నల్లటి గుర్తులుంటే అవి టైరు గుర్తులు కావచ్చు. రబ్బరులో కలిపే మెత్తబరిచే నూనెలు నెమ్మదిగా నేలకు, ముఖ్యంగా పెయింటు వేసిన నేలకు అంటుకుంటాయి. ఇంజిన్ ఆయిల్ మరక అంచులు మసకగా ఉంటాయి, వేలితో తాకితే మందం ఉండదు. తారు అలా కాదు. దానికి అంచు ఉంటుంది, ఎత్తు ఉంటుంది, ఎండ తగిలితే కాస్త మెత్తబడుతుంది.

అనుమానం ఉంటే తెల్లటి నూలు గుడ్డ ముక్కను మినరల్ టర్పెంటైన్‌లో, అంటే పెయింటు పల్చన చెయ్యడానికి వాడే టర్పెంటైన్‌లో తడిపి మరక అంచున ఒక నిమిషం అద్ది పట్టుకోండి. గుడ్డకు చిక్కటి ముదురు గోధుమ రంగు అంటితే అది రోడ్డు తారు. పెట్రోలియం శుద్ధి చేశాక అడుగున మిగిలే బిటుమెన్ అది. ఇప్పటి రోడ్లలో, డాబా వాటర్‌ప్రూఫింగ్ షీట్లలో ఎక్కువగా ఉండేది ఇదే. గుడ్డకు లేత పసుపు రంగు మాత్రమే అంటి, మరక అంతే గట్టిగా ఉండి, ముక్కుకు ఘాటైన వాసన తగిలితే అది బొగ్గు నుంచి తీసిన కోల్‌తార్ అయ్యే అవకాశం ఉంది. పాత పైపుల పూతల్లో, రోడ్ల మీద, వాకిళ్ల మీద పైన పూసే కొన్ని రకాల సీల్‌కోట్లలో అది కనిపిస్తుంది.

ఈ తేడా ఎందుకు చూడమంటున్నానంటే, కోల్‌తార్ మామూలు టర్పెంటైన్‌కు సరిగా కరగదు. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ కోల్‌తార్ పిచ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులో ఉంచింది. దాన్ని పొడిగా గీకి ధూళి లేపకూడదు, ఒట్టి చేతులతో తాకకూడదు. మరక పెద్దదైతే సరైన మాస్కులు, సామగ్రి ఉన్నవాళ్లకు అప్పగించడమే మంచిది. ఇక్కడినుంచి నేను చెప్పేదంతా బిటుమెన్ గురించే.

ఇంకో పరీక్ష కూడా ఇప్పుడే చేసెయ్యండి. మరకకు దూరంగా, శుభ్రమైన చోట నేలమీద నాలుగు నీటి చుక్కలు వెయ్యండి. కాసేపట్లో ఇంకిపోయి నేల ముదురు రంగుకు మారితే అది ఒట్టి కాంక్రీటు. చుక్కలు గుండ్రంగా నిలబడితే పైన సీలరో (రంధ్రాలు మూసే పూత) పెయింటో ఉంది. అక్రిలిక్ సీలర్ మీద సాల్వెంట్, అంటే టర్పెంటైన్ లాంటి కరిగించే ద్రవం, పడితే అది మెత్తబడి తెల్లగానో జిగురుగానో అవుతుంది. అలాంటి నేలమీద ముందు మూలన ఎక్కడో కనిపించని చోట ఒక చుక్క సాల్వెంట్ వేసి, పావుగంట ఆగి చూసి, అప్పుడు మరక దగ్గరికి రండి. ఎపాక్సీ పూత, అంటే గట్టి ప్లాస్టిక్ పొరలా నిలిచే పూత, ఉంటే మీ అదృష్టం. తారు లోపలికి దిగి ఉండదు, గీకి, సాల్వెంట్ గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది.

పని మొదలుపెట్టే ముందు

ఈ భాగం దాటేసి కిందికి వెళ్లకండి. తారు కరిగించేవన్నీ మండే ద్రవాలే. వాటి ఆవిరి గాలికన్నా బరువు. పైకి లేచి పోకుండా నేలమీదే పాకుతూ వెళ్లి మూలల్లో నిలుస్తుంది. అదే మూలలో గ్యాస్ గీజరు పైలట్ మంటో, పాత ఫ్రిజ్ కంప్రెసరో, చార్జరో ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి ఉంచండి. గ్యాస్‌తో నడిచేవాటిని వాల్వు దగ్గరే ఆపెయ్యండి. కారు బయట పెట్టండి. ఫ్యాన్ వాడాలనుకుంటే బయటి గాలిని లోపలికి తోసేలా పెట్టండి. లోపలి ఆవిరిని మోటారు మీదుగా లాగేలా పెట్టకూడదు.

పెట్రోలు మాత్రం వద్దే వద్దు. తారును బాగా కరిగిస్తుంది, నిజమే. కానీ సున్నాకు ఎంతో కింద, దాదాపు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అది మండే ఆవిరిని వదులుతుంది. కిరోసిన్ అయితే 38 డిగ్రీలు దాటితేనే ఆ స్థితికి వస్తుంది. మినరల్ టర్పెంటైన్ రకాన్ని బట్టి కాస్త అటూఇటూగా అంతే. అంటే బాగా ఎండకాసే మధ్యాహ్నం ఇవి కూడా ప్రమాదమే. నేను ఈ పని తెల్లవారుజామున చేస్తాను. తారు గట్టిగా ఉంటుంది, ఆవిరి తక్కువగా లేస్తుంది, రెండు విధాలా మేలు.

చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. మామూలు రబ్బరు గ్లౌజులు కిరోసిన్ తగిలితే ఉబ్బి చిరిగిపోతాయి. కళ్లజోడు తప్పదు, గీకేటప్పుడు తారు పెచ్చులు ఎగురుతాయి. దుమ్ము కోసం కట్టే మాస్కు సాల్వెంట్ ఆవిరిని ఆపదు. తలుపు ఎత్తినా గాలి ఆడని గ్యారేజీ అయితే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి (సాల్వెంట్ ఆవిరిని పట్టి ఆపే డబ్బా) ఉన్న మాస్కు కావాలి. తల తిరుగుతున్నట్టు అనిపిస్తే పని అక్కడికక్కడే ఆపి బయటికి రండి. పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని పని పూర్తయ్యేదాకా అటు రానివ్వకండి.

మీ గ్యారేజీ నేలలో నీళ్లు పోయే కాలువ ఉంటే దాని మీద తడి బట్ట మూట ఒకటి అడ్డం పెట్టండి. కరిగిన తారు, సాల్వెంట్ అందులోకి ఒక్క చుక్క కూడా పోకూడదు. నేల పలకల మధ్య జాయింట్లలో నింపిన సీలెంట్‌నూ చూసుకోండి. మరక దాని పక్కనే ఉంటే జాయింటు మీద టేపు వెయ్యండి, లేకపోతే సీలెంట్ మెత్తబడి పాడవుతుంది.

ముద్దను చల్లబరిచి తియ్యడం

రోడ్లకు వాడే బిటుమెన్ దాదాపు 45 నుంచి 55 డిగ్రీల మధ్య మెత్తబడి జారడం మొదలవుతుంది. చల్లబడేకొద్దీ పెళుసెక్కుతుంది. కాబట్టి వేడి మన శత్రువు, చలి మన పనివాడు. హీట్‌గన్ పెట్టి మెత్తబరిచి తీద్దామని కొందరు చూస్తారు. మెత్తబడిన తారు గరిటెకు వచ్చేది కొంతే, మిగతాది కాంక్రీటులోకి ఇంకా లోతుగా దిగుతుంది. మంట పెట్టే టార్చి అయితే మరీ అన్యాయం. కాంక్రీటులోని తేమ ఆవిరై పైపొర పెచ్చులుగా పేలి లేస్తుంది.

పాలిథిన్ సంచిలో ఐసు ముక్కలు నింపి, మూతి గట్టిగా కట్టి, మరక మీద పెట్టండి. పైన ఒక మందపాటి గుడ్డ కప్పితే చలి నిలుస్తుంది. అరగంట, ముప్పావుగంట ఆగండి. ఇంకా చల్లగా కావాలంటే సంచి లోపలే ఐసులో ఉప్పు కలపండి. ఉప్పునీళ్లు మాత్రం నేలమీద పడనివ్వకండి, కాంక్రీటులో ఉన్న ఇనుప ఊచలకు ఉప్పు మంచిది కాదు. డ్రై ఐస్ దొరికితే నిమిషాల్లో పని అవుతుంది, అది మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంటుంది. కానీ ఒట్టి చేతికి తగిలితే చర్మం కాలినట్టే పాడవుతుంది. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడు మూసిన గదిలో ఊపిరాడనివ్వదు. తలుపు తెరిచి ఉంచగలిగితేనే దాని జోలికి వెళ్లండి.

తారు గట్టిపడ్డాక వెడల్పాటి పుట్టీ బ్లేడును దాదాపు పడుకోబెట్టినట్టు పట్టి, అంచు కిందికి దూర్చి, పిడిమీద చిన్న సుత్తితో నెమ్మదిగా తట్టండి. పెచ్చులుగా లేస్తుంది. బ్లేడును నిలువుగా పట్టుకుంటే కాంక్రీటు మీద గీతలు పడతాయి, ఆ గీతల్లోకే తర్వాత నలుపు చేరుతుంది. లేచిన పెచ్చులను అప్పటికప్పుడు ఏరి డబ్బాలో వెయ్యండి. వదిలేస్తే అవి వేడెక్కి చెప్పులకు అంటుకుని ఇల్లంతా తిరుగుతాయి. మళ్లీ మెత్తబడిందనిపిస్తే మళ్లీ ఐసు పెట్టండి. ఇక్కడ ఎంత ఎక్కువ తీస్తే తర్వాత అంత తక్కువ సాల్వెంట్ పడుతుంది. అందుకే నేను ఇక్కడ తొందరపడను, బ్లేడుకు ఏమీ దొరకని దాకా గీకుతూనే ఉంటాను.

ఇనుప తీగల బ్రష్ వాడకండి. తెగిన తీగ ముక్కలు కాంక్రీటులో ఇరుక్కుని, తర్వాత తుప్పు పట్టి, నల్లమరక పోయిన చోట ఎర్రమరక మొలుస్తుంది. గట్టి నైలాన్ బ్రష్ చాలు.

తారు ఇప్పుడే పడి ఇంకా మెత్తగా ఉంటే దాని మీద కాస్త పొడి ఇసుకో సుద్దపొడో చల్లి, ఎవరూ తొక్కకుండా అడ్డం పెట్టి, చల్లబడనివ్వండి. మెత్తటి తారును గుడ్డతో తుడిస్తే పులమడమే అవుతుంది.

పట్టు వెయ్యడం

అసలు పని ఇదే. దీనికి కావాల్సినవి రెండు, కరిగించే ద్రవం, పీల్చుకునే పొడి. వాపు మీద పట్టు వేస్తే అది ఆరుతూ లోపలి చెడునీటిని లాగుతుందంటారు కదా, ఇక్కడా ఆ తీరులోనే. పొడిలో కలిపిన సాల్వెంట్ కాంక్రీటు రంధ్రాల్లోకి దిగి తారును కరిగిస్తుంది. తర్వాత పై నుంచి ఆరుతున్నకొద్దీ ఆ ద్రవం పొడి వైపు కదులుతుంది, తనతో పాటు కరిగిన తారునూ పైకి తెస్తుంది. సాల్వెంట్ ఎగిరిపోతుంది, తారు పొడిలో మిగిలిపోతుంది.

సాల్వెంట్‌ను నేరుగా మరక మీద పొయ్యొద్దు అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. పోస్తే తారు కరుగుతుంది, కానీ లాగేది ఏదీ లేక ఆ నల్లటి ద్రవం కిందికీ పక్కలకూ ఇంకుతుంది. పైకి తుడిచేసి బాగుందనుకుంటారు. సాల్వెంట్ ఆరాక అదే నలుపు వెడల్పాటి నీడలా బయటపడుతుంది.

ద్రవంగా నేను మినరల్ టర్పెంటైన్‌నే ఎంచుకుంటాను. కిరోసిన్ కూడా కరిగిస్తుంది, కానీ నెమ్మదిగా ఆరుతుంది, వెనక నూనె జిడ్డు వదులుతుంది. ఆరనిది లాగదు. డీజిల్ ఇంకా అధ్వానం. వంటనూనె, వెన్న లాంటివి చర్మం మీద తారు తియ్యడానికి బాగుంటాయి, నేలకు మాత్రం అవే కొత్త మరకలు. నారింజ తొక్కల నుంచి తీసే సాల్వెంట్లతో చేసిన క్లీనర్లు, సోయా నూనెతో చేసిన తారు రిమూవర్లు దొరుకుతాయి. వాసన, మంట భయం తక్కువ కాబట్టి గాలి సరిగా ఆడని గ్యారేజీకి అవి మేలే. కానీ అవి సరిగా ఆవిరవ్వవు కాబట్టి పట్టుకు పనికిరావు. పూసి, నానబెట్టి, పొడితో పీల్చి, కడిగెయ్యాలి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింటు రిమూవర్లు వాడొద్దు. మూసిన గదుల్లో వాటి ఆవిరి పీల్చి చనిపోయినవాళ్లున్నారు. తారు మరకకు అంత ప్రమాదం తలకెత్తుకోనక్కర్లేదు.

పొడి తెల్లగా, మెత్తగా ఉండాలి. టాల్క్ పొడి, సుద్దపొడి, చైనా క్లే అనే తెల్ల బంకమట్టి, డయాటమేషియస్ ఎర్త్ అనే బాగా పీల్చుకునే తెల్ల మట్టి పొడి, వీటిలో ఏదైనా సరే. తెల్లగా ఎందుకంటే, నలుపు ఎంత పైకి వచ్చిందో కంటికి తెలియాలి. ముల్తానీ మట్టి బాగా పీలుస్తుంది గానీ దాని పసుపు గరుకు కాంక్రీటులో ఇరుక్కుంటుంది, అందుకే నేను రెండో ఎంపికగానే చూస్తాను. వేరే ఏదీ దొరక్కపోతే పిల్లుల కోసం వాడే బంకమట్టి లిట్టరును పొడి చేసుకుని వాడొచ్చు. రంపపు పొట్టు చిందిన సాల్వెంట్ పీల్చడానికి బాగుంటుంది, పట్టుకు మాత్రం బరక.

నేల పూర్తిగా పొడిగా ఉండాలి. ఐసు సంచి కింద చెమ్మ చేరి ఉంటుంది, తుడిచి కొన్ని గంటలు ఆరనివ్వండి. రంధ్రాల్లో నీళ్లుంటే టర్పెంటైన్ లోపలికి దిగలేదు.

లోహపు గిన్నెలో పొడి పోసి, టర్పెంటైన్ కొద్దికొద్దిగా కలుపుతూ గోడలకు పెట్టే పుట్టీ అంత చిక్కగా తెచ్చుకోండి. గిన్నె వంచితే జారకూడదు, గరిటెతో పరిస్తే పరుచుకోవాలి. ద్రవం ఎక్కువైతే అంచుల నుంచి కారి మరకను పెంచుతుంది. మరక కన్నా చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగా, 6 నుంచి 12 మిల్లీమీటర్ల మందాన పరవండి. బయటి అంచు నుంచి లోపలికి పరుచుకుంటూ రండి. మధ్యలో నుంచి బయటికి తోస్తే కరిగిన నలుపు శుభ్రమైన నేల మీదికి పోతుంది. గరిటెతో ఒత్తి, లోపల గాలి బుడగలు లేకుండా చూడండి. నేలను తాకని చోట పట్టు ఏమీ లాగదు.

పైన పాలిథిన్ షీటు కప్పి, అంచులను టేపుతో అంటించండి. కాంక్రీటుకు టేపు సరిగా అంటకపోతే చుట్టూ ఇటుకలు పెట్టండి. ఒక పగలు, ఒక రాత్రి అలాగే వదిలెయ్యండి. ఈ సమయంలో సాల్వెంట్ లోపలికి దిగుతుంది. మర్నాడు షీటు తీసెయ్యండి, పట్టును మాత్రం తియ్యకండి. అది పూర్తిగా ఆరి, చుట్టూ బీటలు వారి, అంచులు లేచేదాకా ఆగాలి. వాతావరణాన్ని బట్టి ఇంకో రోజు పట్టొచ్చు, ఎక్కువ కూడా పట్టొచ్చు. షీటు తీసిన వెంటనే తడి పట్టును గీకేస్తే తారు ఇంకా సగం దారిలోనే ఉంటుంది, చేసిన పని సగం వృథా. ఆరుతున్నంతసేపూ ఆవిరి వస్తూనే ఉంటుంది కాబట్టి తలుపు, నిప్పు విషయంలో మొదటి రోజు జాగ్రత్తలే కొనసాగాలి.

ఆరిన పట్టును ప్లాస్టిక్ గరిటెతో ఎత్తి, అడుగు భాగం తిప్పి చూడండి. గోధుమ రంగు మచ్చలు కనిపిస్తాయి. తెల్లటి పొడిలోకి ఆ నలుపు ఎక్కి రావడం చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. అది నేలలోంచి వచ్చింది, ఇక నేలలోకి పోదు.

ఒక్క పట్టుతో పోవడం అరుదు. మళ్లీ కొత్త పొడితో, కొత్త ద్రవంతో వెయ్యండి. వాడిన పొడిని మళ్లీ కలపకండి. ప్రతిసారీ అడుగున వచ్చే రంగు లేతబడుతుంది. అడుగు తెల్లగానే ఉండిపోయిందంటే ఆ సాల్వెంట్ లాగగలిగింది లాగేసినట్టే. ఒక ఇంట్లో డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేసినవాళ్లు వేడి తారు డబ్బాను గ్యారేజీలో దించి వెళ్లారు. గుండ్రటి అంచు గుర్తు, దాని చుట్టూ చెప్పుల అడుగులు. అడుగుల గుర్తులు ఒక్క పట్టుకే పోయాయి, ఎందుకంటే అవి చల్లబడిన తారుతో పడ్డవి. డబ్బా గుర్తు మాత్రం వేడిమీద దిగింది, పట్టు మీద పట్టు వేస్తూ పోవాల్సి వచ్చింది. మరక ఎంత వెడల్పుందన్నదాని కన్నా, ఎంత వేడిగా పడిందన్నదే ముఖ్యం.

కడగడం, పారెయ్యడం

ఇప్పుడొచ్చింది నీళ్ల వంతు. వేడినీళ్లలో బట్టల సబ్బు పొడి, కొద్దిగా వాషింగ్ సోడా కలిపి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, మిగిలిన జిడ్డు వదిలించండి. సోడా క్షారం కాబట్టి కాంక్రీటుకు హాని చెయ్యదు. ఆ నీళ్లను కాలువలోకి వదలకుండా రంపపు పొట్టు, పాత బట్టలతో పీల్చి ఎత్తండి. తర్వాత శుభ్రమైన నీళ్లతో రెండుసార్లు తుడవండి.

ప్రెషర్ వాషర్ ఉన్నవాళ్లు దాన్ని ముందే పట్టుకొస్తారు. చన్నీళ్ల ధార తారును కరిగించదు. దగ్గరగా పెట్టి కొడితే కాంక్రీటు పైన ఉండే సిమెంటు పొర కొట్టుకుపోయి ఇసుక బయటపడుతుంది. ఆ చోటు ఎప్పటికీ వేరేగా కనిపిస్తుంది, మురికినీ ఎక్కువ పడుతుంది. చివర్లో కడగడానికి, అదీ దూరం నుంచి, వాడుకోవచ్చు.

ఇంక యాసిడ్. బాత్రూములు కడిగే యాసిడ్ పోస్తే పోతుందని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. పొయ్యకండి. యాసిడ్ బిటుమెన్‌ను ఏమీ చెయ్యదు, తినేది సిమెంటునే. బుసబుస పొంగడం చూసి పని జరుగుతోందనుకుంటారు, పొంగేది మీ నేల. దాని ఆవిరికి గ్యారేజీలోని పనిముట్లన్నీ తుప్పు పడతాయి. బ్లీచింగ్ వల్లా ఉపయోగం లేదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ప్రాణాంతకం.

సాల్వెంట్ తడిసిన గుడ్డల్ని ముద్దగా చుట్టి చెత్తబుట్టలో పడెయ్యొద్దు. అవి మండే వస్తువులు. చెట్ల నుంచి తీసే టర్పెంటైన్, నారింజ సాల్వెంట్ లాంటివి అంటిన గుడ్డలు కుప్పగా ఉంటే తమంతట తామే వేడెక్కి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. బయట, నీడలో, ఒక్కొక్కటి విడివిడిగా పరిచి ఆరబెట్టండి. లేదా నీళ్లు నింపిన లోహపు డబ్బాలో మూతపెట్టి ఉంచండి. తారు పీల్చిన పొడి, పెచ్చులు, గుడ్డలు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. మట్టిలో పాతెయ్యడం, కాల్చడం రెండూ వద్దు.

ఇంకా నీడ మిగిలితే

కొన్నిసార్లు ఎన్ని పట్టులు వేసినా లేత బూడిద రంగు నీడ ఒకటి మిగులుతుంది. మీకు నచ్చినా నచ్చకపోయినా నా అభిప్రాయం చెప్తాను. అది గ్యారేజీ, కారు నిలబడే చోటు. నీటి చుక్క పరీక్షలో నీళ్లు చక్కగా ఇంకుతుంటే, చేతికి జిగురు తగలకపోతే, ఆ నీడను వదిలెయ్యండి. టైర్ల రాపిడికి, రోజువారీ వాడకానికి నేలంతా ఒక రంగుకు వస్తుంది.

పెయింటు వేసి కప్పేద్దామంటే ఒక మాట గుర్తుంచుకోండి. బిటుమెన్ మీద సాల్వెంట్ ఆధారిత పెయింటు వేస్తే అది తారును మళ్లీ కరిగించి గోధుమ మచ్చగా పైకి తెస్తుంది. జిడ్డు మిగిలిన చోట ఎపాక్సీ పట్టుకోదు, పొరలుగా లేస్తుంది. కడిగి ఆరిన నేలమీద నీటి చుక్క గుండ్రంగా నిలిస్తే ఇంకా జిడ్డుందని అర్థం, మళ్లీ కడగాలి. ఇంకేటట్టయితేనే పెయింటు డబ్బా తెరవాలి.

గ్రైండింగ్ ఆఖరి మార్గం. గ్రైండర్‌కు బిగించే వజ్రపు కప్ వీల్‌తో పైపొర అరగదీస్తే మరక పోతుంది, ఆ చోట కంకర మాత్రం బయటపడుతుంది. అందుకే మచ్చ ఉన్నంత మేర కాకుండా జాయింటు నుంచి జాయింటు దాకా మొత్తం పలక గ్రైండ్ చేస్తేనే చూడటానికి బాగుంటుంది. కాంక్రీటు ధూళిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. నీళ్లు చల్లుతూనో, హెపా ఫిల్టరు (అతి సన్నటి ధూళిని కూడా పట్టే ఫిల్టరు) ఉన్న వాక్యూమ్ తగిలించో చెయ్యాలి. సాల్వెంట్ పూర్తిగా ఎగిరిపోకముందు గ్రైండర్ తిప్పకూడదు, దాన్నుంచి నిప్పురవ్వలు వస్తాయి.

పని మధ్యలో చేతికి తారు అంటితే టర్పెంటైన్‌తో తోముకోకండి, చర్మం మండి పగులుతుంది. వంటనూనెగానీ పెట్రోలియం జెల్లీగానీ రాసి, కాసేపాగి, మెత్తటి గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కోండి. వేడి తారు పడి చర్మం కాలితే మాత్రం తారును పీకే ప్రయత్నమే చెయ్యొద్దు. పారే చల్లని నీళ్ల కింద పెట్టి, తారు అలాగే ఉంచి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కొత్తగా వేసిన తారు రోడ్డు మీద నుంచి వచ్చిన రోజున కారును నేరుగా లోపలికి తేకుండా కాసేపు బయట చల్లబడనిచ్చి టైర్లు చూడండి. గాడుల్లో ఇరుక్కున్న తారు కంకర చెక్కపుల్లతో లేస్తుంది. టైర్లకు టర్పెంటైన్ పట్టించకండి, రబ్బరు పాడవుతుంది. మరక వదిలాక నేలకు సీలర్ వెయ్యాలనుకుంటే, లోపలికి ఇంకే సైలేన్ రకాలు నీటిని ఆపినంత బాగా తారును, ఆయిల్‌ను ఆపవు. కారు ఆగే చోటుకు పైన పొరలా నిలిచే ఎపాక్సీయో పాలియురెథేనో మేలు. చివరి కడుగు తర్వాత నేల లోపలిదాకా ఆరాలి, అప్పుడే అది వెయ్యాలి. ఒక పాలిథిన్ ముక్కను నాలుగువైపులా టేపుతో నేలకు అంటించి మర్నాడు ఎత్తి చూడండి. అడుగున చెమ్మ కనిపిస్తే ఇంకొన్నాళ్లు ఆగండి.